ఆటగాడి ఒంటిని కాచే చదువు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు మమ్మల్ని విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య గురించి ఏటా ఈ వేదిక మీద వినబడే మాటలు మీకందరికీ కంఠస్థమే. ఇంజనీరింగు, డాక్టరీ, టీచర్ ట్రైనింగు, పాలిటెక్నిక్కు, కంప్యూటర్లు. అవన్నీ కావలసినవే. వాటిని మేము కాదనటం లేదు. కాని యీ యేడు, ఇంతవరకు మన సభలో ఎవరూ ఎత్తని ఒక చదువు సంగతి ఎత్తదలచుకున్నాము. అది ఆటలాడే పిల్లల శరీరాన్ని కాపాడే చదువు. "అదేం చదువు?" అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, కాని పూర్తిగా విన్న తరువాత నవ్వండి.

మన అరసవల్లి ఎలాంటి ఊరు? ఒంటికి ఆరోగ్యం కోరి జనం నడిచివచ్చే ఊరు. రథసప్తమి నాడు సూర్యనారాయణస్వామి గుడికి వచ్చే జనంతో శ్రీకాకుళం దారి దారంతా నిండిపోతుంది. కళ్లజబ్బు పోవాలనీ, చర్మవ్యాధి తగ్గాలనీ మొక్కుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలాంటి ఊళ్లో ఉంటూ మనం, మన పిల్లల ఒళ్లు ఎలా పెరుగుతున్నదో, ఎలా చెడుతున్నదో చూసుకోకపోతే ఎలా?

ముందు ఈ చదువేమిటో చెబుతాము. అమెరికాలో ఈ పని చేసేవారిని అథ్లెటిక్ ట్రైనర్ అంటారు. పేరు విని జిమ్ములో బరువులెత్తించే మాస్టరనుకోకండి. ఆట నేర్పే కోచ్ కూడా కాదు. కోచ్ చూపు బంతి మీద, గెలుపు మీద ఉంటుంది. ఈయన చూపు పిల్లవాడి మోకాలి మీద, చీలమండ మీద, ఊపిరి మీద ఉంటుంది. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించడం, బలహీనమైన కీలుకు పట్టీ వేయడం, దెబ్బ తగిలిన క్షణంలో పరుగున వెళ్లి చూడడం, వీడు ఆడవచ్చా, కూర్చోబెట్టాలా, ఆసుపత్రికి పంపాలా అని తేల్చడం, ఆ తరువాత వారాల తరబడి వ్యాయామాలు చేయించి మళ్లీ మైదానంలో నిలబెట్టడం – ఇదంతా ఆయన పని.

ఆ దేశంలో 1950లో కాన్సాస్ నగరంలో వీరి జాతీయ సంఘం ఏర్పడింది. 1990లో అమెరికా వైద్యుల సంఘం దీన్ని వైద్యానికి అనుబంధమైన వృత్తిగా గుర్తించింది. చాలా కాలం బి.యస్. డిగ్రీతో సరిపోయేది. ఇప్పుడు డిగ్రీ అయిన తరువాత యూనివర్సిటీలో మాస్టర్సు చదివి, ఆపైన సర్టిఫికేషన్ పరీక్ష పాసు కావాలి. డిగ్రీ స్థాయిలో కొత్త విద్యార్థులను చేర్చుకోవడం 2022తో ఆపేశారు. అంటే ఆ పనికి ఎంత చదువు కావాలని వారు అనుకుంటున్నారో చూడండి. శరీర నిర్మాణం, కండరాల కదలిక, గుండె, ఊపిరితిత్తుల పని, ఆహారం, మనస్తత్వం, ప్రథమ చికిత్స – ఇవన్నీ పుస్తకంలో చదవాలి. చదివినదంతా పెద్దల పర్యవేక్షణలో మైదానంలో చేసి చూపించాలి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలు చదివే హైస్కూళ్లలో చాలా చోట్ల ఇలాంటి మనిషి ఒకరు మైదానం పక్కన నిలబడి ఉంటారు.

ఇది తెల్లవాళ్లు కొత్తగా కనిపెట్టిన విద్యేమీ కాదు. మన యునానీ హకీములు జాలీనూస్ అని గౌరవంగా పిలుచుకునే గేలెన్, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో పెర్గమ్ నగరంలో కత్తిసాము చేసే మల్లులకు వైద్యుడుగా పనిచేసినవాడే. గాయాలు చూసే ఆయన శరీర శాస్త్రంలో అంతటివాడయ్యాడు. ఆయన తరువాత బూ అలీ సీనా (980–1037) తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్' మొదటి భాగంలోనే వ్యాయామం ఎంత చేయాలి, ఏ వయసువారు ఎలా చేయాలి, మర్దన ఎప్పుడు చేయాలి అని వివరంగా రాశాడు. ఒకప్పుడు మన పెద్దల చేతిలో ఉన్న విద్యే ఇది. ఇప్పుడు మన చేతి నుంచి జారిపోయింది.

అంతదూరం ఎందుకు? మన ఉత్తరాంధ్ర సంగతే చూడండి. శ్రీకాకుళంలో మన పిల్లలు పరుగెత్తే స్టేడియానికి ఎవరి పేరు పెట్టారు? కోడి రామమూర్తి నాయుడుగారి పేరు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్న కలియుగ భీముడు. ఆయన ఉక్కు గొలుసులు తెంపిన కథలు మనందరికీ తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. ఆయన ఉత్త బలవంతుడు కాడు, ఆ విద్య చదువుకున్నవాడు. మద్రాసు సైదాపేటకు వెళ్లి ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్టు పుచ్చుకుని, తిరిగివచ్చి విజయనగరంలో తాను చదివిన స్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. సర్కసు, బిరుదులు అన్నీ ఆ తరువాతే. అలాంటి మనిషి చివరకు కాలి మీద లేచిన పుండు మూలాన ఒక కాలు పోగొట్టుకుని, 1942లో కన్నుమూశారు. ఏనుగును మోసిన ఒళ్లయినా సరే, చూసుకునేవాళ్లు కావాలి.

ఆయన తరువాత మన జిల్లా పేరు లోకానికి చెప్పింది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్సులో 110 కిలోలు, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆమెకు మొదట బరువు పట్టుకోవడం నేర్పింది మన ప్రాంతపు గురువు నీలంశెట్టి అప్పన్నగారు. ఆ మల్లేశ్వరిని 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్‌గా వేశారు. ఆట ఒక యూనివర్సిటీ చదువు అయిందనడానికి, ఆ యూనివర్సిటీకి మన జిల్లా అమ్మాయి పెద్ద అయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"అవన్నీ వాళ్ల సంగతి, మనవాళ్ల మాటేమిటి?" అని లోపల అనుకునేవారు ఉంటారు. వాళ్లూ మనవాళ్లే. 1641లో శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ జామియా మసీదు కట్టించిన నాటి నుంచీ చూసుకున్నా, నాగావళి నీళ్లు తాగి బతికిన మనకు రామమూర్తిగారు పరాయివారెలా అవుతారు? అయినా అడిగారు కాబట్టి చెబుతాము.

హైదరాబాదు స్కూలు మాస్టరు సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) గారి పేరు ఈమధ్య సినిమా వచ్చాక కుర్రవాళ్లకు కూడా తెలిసింది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ జట్టు బూట్లు లేని కాళ్లతో, వణికే చలిలో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. అప్పుడు కోచ్ రహీమ్ గారే. ఇంకొకరైతే అక్కడే ఆగిపోదురు. ఆయన ఆగలేదు. 1956 మెల్బోర్న్‌లో అదే దేశాన్ని నాలుగో స్థానం దాకా నడిపించారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ ఫైనల్ నాటికి ఆయన ఊపిరితిత్తుల కేన్సరుతో బాధపడుతున్నారు. మరుసటేడు చనిపోయారు. ఆ ఫైనల్‌లో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను వెనుక వరుస నుంచి ముందుకు తెచ్చి ఆడించారు, ఆయనా ఒక గోలు కొట్టాడు. ఆనాటి ధైర్యానికి సలాము చేద్దాం. కాని పిల్లలూ, ఒక సంగతి గుర్తుంచుకోండి. తలకు గట్టి దెబ్బ తగిలి, కళ్లు తిరిగి, మాట తడబడిన ఆటగాణ్ణి ఆ రోజు మళ్లీ ఆటలోకి దించరాదని ఈనాటి శాస్త్రం చెబుతుంది. మెదడుకు తగిలిన దెబ్బ పైకి కనబడదు, దాని మీద ఇంకో దెబ్బ పడితే ప్రాణానికే ముప్పు. ధైర్యానికీ, తెలివితక్కువతనానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడానికే చదువుకున్న మనిషి కావాలి.

బాడ్మింటన్‌లో ఆరిఫ్ సాబ్ – సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ గారు – 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ పొందిన హైదరాబాదు గురువు. ఆయన శిష్యుడు పుల్లెల గోపీచంద్ 1994 జాతీయ క్రీడల్లో పూణేలో ఆడుతుండగా మోకాలు దెబ్బతిని ఆపరేషన్ల పాలయ్యాడు. "ఇక వీడి ఆట అయిపోయింది" అన్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజం దెబ్బతిన్నది. ఆపరేషన్ చేయించుకుని దాదాపు ఏడాది బాక్సింగు రింగుకు దూరంగా ఉంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. గాయానికీ, పతకానికీ మధ్య ఆ పిల్లలు గడిపిన నెలలను తలుచుకోండి. కత్తితో కోసిన డాక్టరు పని కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ తరువాత రోజూ పొద్దున, సాయంత్రం ఆ కీలును అంగుళం అంగుళం కదిలించి, బలం తెచ్చే పని నెలల తరబడి సాగుతుంది. ఆ పని తెలిసినవాళ్లు వారికి దొరికారు. మన వీధి పిల్లలకు దొరుకుతారా? ఇదే మేము ఈ సభను అడగదలచిన ప్రశ్న.

మా ఎరుకలో ఒక కుర్రవాడున్నాడు. పేరు వద్దు. వాలీబాల్ ఆడితే చూసి తీరాలి. మన జిల్లా కుర్రవాళ్లకు సైన్యం మీద ఎంత మోజో మీకు తెలుసు. వీడికీ అదే ఆశ. తెల్లవారుజామున లేచి రోడ్డు మీద పరుగెత్తేవాడు. ఒక సాయంత్రం ఎగిరి కిందికి దిగేటప్పుడు చీలమండ మెలికపడింది. "ఏటీ కాదులే, నూనె కాచి రాస్తే సర్దుకుంటాది" అన్నారు ఇంట్లో. వేడి నూనె పోసి ఇద్దరు పట్టుకుని మాలీషు చేశారు. పొద్దుటికి కాలు కుండలా వాచింది. వారం రోజులకు వాపు తగ్గింది, మళ్లీ ఆడాడు. మళ్లీ మెలికపడింది. ఇలా మూడుసార్లు. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు సగంలో కూలబడిపోయాడు. రెండో ఏడు కూడా అంతే. ఆపైన వయసు దాటిపోయింది. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఆటో నడపడం హలాల్ సంపాదనే, దానికి తలవంచవలసిన పని లేదు. కాని వాడు కోరుకున్నది అది కాదు. వాణ్ణి ఓడించింది పోటీదారుడు కాదు, మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలో చెప్పే మనిషి లేకపోవడం.

మరి ఏం చేయవలసింది? ఇది పెద్ద రహస్యం కాదు. కీలు బెణికితే మొదటి రెండు మూడు రోజులు వేడి నూనె, గట్టి మాలీషు వద్దు. దెబ్బతిన్న చోట లోపల రక్తం చెమ్మగిలుతూ ఉంటుంది, దాన్ని పిసికితే వాపు పెరుగుతుంది. సాగే గుడ్డతో చుట్టు కట్టి, కాలు ఎత్తుగా పెట్టాలి. నొప్పికి చల్లటి గుడ్డ పెట్టవచ్చు. ఎముక విరిగిందా లేదా అనే అనుమానానికి 1992లో కెనడాలో ఒక తేలిక పరీక్ష చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనే గాని, తరువాత గాని నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనుక ఎముక నొక్కితే నొప్పి ఉన్నా ఎక్సురే తీయించాలి. లేకుంటే చాలావరకు అక్కరలేదు. ఆ తరువాత అసలు పని మొదలు. ఒంటికాలి మీద నిలబడడం, మడమలెత్తడం, నెమ్మదిగా నడక, పరుగు, చివరకు దూకడం. ఈ మెట్లెక్కకుండా మైదానంలోకి దిగితే మళ్లీ బెణుకుతుంది. మన కుర్రవాడి కథ అదే.

శాస్త్రం కూడా మారుతూ ఉంటుందని చెప్పాలి. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్ ప్రచారంలోకి తెచ్చాడు. ముప్పై ఏళ్లు దాటాక, మరీ ఎక్కువ ఐసు, మరీ ఎక్కువ విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని ఆయనే చెప్పాడు. ఎప్పటికప్పుడు చదువుకునే మనిషి కావాలని మేము అనడం ఇందుకే. ఎప్పుడో ఎవరో చెప్పింది పట్టుకు కూర్చుంటే కుదరదు.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతులు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మ్యాచి మధ్యలో గుండె ఆగి పడిపోయాడు. మైదానంలోనే ఛాతీ నొక్కారు, కరెంటు షాకిచ్చే పెట్టె వాడారు. బతికాడు. మరుసటేడు మళ్లీ ఆడాడు. అదే మన మైదానంలో అయితే ఏం చేస్తాం? ముఖాన నీళ్లు కొడతాం, చేతిలో తాళాలు పెడతాం. చేయవలసింది 108కి ఫోను చేసి, ఊపిరి లేకుంటే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కుతూ ఉండడం. బండి వచ్చేదాకా ఆపరాదు. అలాగే మన మే నెల ఎండలో పరుగెత్తి, ఒళ్లు కాలిపోతూ, మతి తప్పి మాట్లాడే పిల్లవాణ్ణి ఆటోలో వేసుకుని ఊరంతా తిప్పకండి. నీడకు చేర్చి, వెంటనే నీళ్లలో ముంచో, ఒంటి నిండా నీళ్లు పోసో చల్లబరచాలి. ముందు చల్లదనం, తరువాత ప్రయాణం. ఇవి మన మైదానంలో ఇద్దరికి తెలిసినా ఒక ఇంటి దీపం ఆరకుండా నిలుస్తుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగే మాటకు వస్తాము. "బాగానే ఉంది గాని, ఎక్కడ చదవాలి? ఉద్యోగం వస్తాదా?" న్యాయమైన ప్రశ్న.

అమెరికాలో ఉన్న సరిగ్గా అదే పట్టా మన దేశంలో ఆ పేరుతో వాడుకలో లేదు. ఆ పనిని ఇక్కడ మూడు చదువులు పంచుకున్నాయి. మొదటిది ఫిజియోథెరపీ. ఇంటర్లో బై.పి.సి. చదివినవారు బి.పి.టి.లో చేరవచ్చు. నాలుగేళ్ల చదువు, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు. తరువాత ఎం.పి.టి.లో స్పోర్ట్సు విభాగం తీసుకుంటే గాయపడిన ఆటగాళ్లను చూసే నిపుణులవుతారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో ఫిజియోథెరపీ కూడా ఉంది. భారత క్రికెట్ జట్టుకు 1987 నుంచి పదేళ్లు ఫిజియోగా ఉన్న అలీ ఇరానీ గారు చేసింది ఈ పనే. ఆటగాడు పడితే పెట్టె పట్టుకుని పరుగెత్తే ఆయనను మా తరం వాళ్లు టీవీలో చూసినవాళ్లమే.

రెండోది వ్యాయామ విద్య. ఇంటర్ తరువాత యు.జి.డి.పి.ఎడ్., డిగ్రీ తరువాత బి.పి.ఎడ్. రెండేసి ఏళ్ల కోర్సులు. పీసెట్ రాయాలి, అందులో పరుగు, దూకుడు వంటి దేహదారుఢ్య పరీక్షలుంటాయి. మనకు దగ్గరలో విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే వ్యాయామ విద్యా విభాగం ఉంది. దూరం వెళ్లగలిగితే గ్వాలియర్‌లో 1957లో పెట్టిన లక్ష్మీబాయి జాతీయ సంస్థ ఉంది. మణిపూర్‌లో 2018లో కేంద్ర ప్రభుత్వం జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం పెట్టింది. ఈ చదువుతో స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులు కావచ్చు.

మూడోది శిక్షకుల చదువు. పాటియాలా మహారాజుగారి మోతీబాగ్ ప్యాలెస్‌లో 1961లో జాతీయ క్రీడా సంస్థ నెలకొల్పారు. ఆట బాగా ఆడినవారికి అక్కడ ఏడాది కోచింగు డిప్లొమా ఇస్తారు. తక్కువ సమయంలో నేర్చుకోగోరేవారికి ఆరు వారాల సర్టిఫికెట్టు కోర్సు కూడా ఉంది. ఈ మూడు దారుల్లో దేనిలోనైనా చదివినవారు, స్తోమతుండి పైదేశానికి వెళ్లదలిస్తే, అమెరికాలో మాస్టర్సుకు ప్రయత్నించవచ్చు. దానికి జీవశాస్త్రం, భౌతికం, రసాయనం, శరీర నిర్మాణం ముందే చదివి ఉండాలి. అందుచేత టెన్త్ తరువాత గ్రూపు ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలి. మనలో అర్హులైన కులాలవారికి 2007 చట్టం కింద బి.సి.–ఇ లో నాలుగు శాతం రిజర్వేషను ఉంది కదా, సర్టిఫికెట్టు ఆఖరి నిమిషంలో పరుగెత్తకుండా ముందే తీసుకుని ఉంచుకోండి. చేరే రూల్సు ఏటికేడు మారుతుంటాయి, నోటిఫికేషను చూసుకునే అడుగు వేయండి.

మంచితోపాటు చెడు కూడా చెప్పాలి. ఈ చదువు చదివిన వెంటనే పెద్ద జీతం చేతిలో పడుతుందని మేము చెప్పము. మొదటి ఏళ్లు ఆసుపత్రిలోనో, ప్రైవేటు స్కూల్లోనో తక్కువ జీతానికి కష్టపడాలి. పది రోజుల్లో సర్టిఫికెట్టు ఇస్తామనే ప్రకటనలు ఎక్కువయ్యాయి, వాటిని నమ్మి డబ్బు పోసుకోకండి. కాలేజీకి యూనివర్సిటీ అనుబంధం ఉందా, కోర్సుకు గుర్తింపు ఉందా అని చూడండి. జిమ్ముల్లో పిల్లలకు పొడులు, సూదులు అంటగట్టేవారున్నారు. కండ త్వరగా పెరుగుతుందని గుండె, కాలేయం పాడుచేసుకుంటున్నారు. "వద్దురా బాబూ" అని కారణంతో సహా చెప్పగలిగినవాడు చదువుకున్న ట్రైనరే.

మరోవైపు అవసరం చూడండి. ఆటగాళ్లకే కాదు, పక్షవాతం వచ్చిన మన పెద్దలకు, మోకాళ్లు అరిగిన మన అమ్మలకు, బరువులు మోసి నడుము పట్టేసిన కూలీలకు కూడా పనికివచ్చే విద్య ఇది. కీళ్లనొప్పితో నమాజుకు కుర్చీ వేసుకు కూర్చునేవారు మసీదులో ఏటికేడు పెరుగుతున్నారు. వారిలో కొందరినైనా మళ్లీ లేచి నిలబెట్టగల చేయి మనింట్లోనే ఉంటే ఎంత బాగుంటుంది!

ఇక ఆడపిల్లల మాట. ఇది అన్నిటికన్నా ముఖ్యమని మా అభిప్రాయం. ఏడో తరగతి దాకా మన ఆడపిల్లలు ఖోఖోలో, కబడ్డీలో చిరుతల్లా ఉంటారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మైదానంలో కనబడరు. మనం మాన్పించడం కొంత, వాళ్లే మానుకోవడం కొంత. మోకాలు నొప్పి పుడితే మగ మాస్టరుకు చెప్పుకోలేదు. ఆయనా చేయి వేసి చూడడానికి జంకుతాడు. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారని భయం. అలా నొప్పిని దాచుకుని ఒకనాడు కుంటుతూ ఇంటికొస్తుంది. దూకి దిగే ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువని పరిశోధకులు చెబుతున్నారు. దానికి విరుగుడు కూడా ఉంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లలో, ఆటకు ముందు ఇరవై నిమిషాల ప్రత్యేక వ్యాయామాలు చేయించి చూశారు. గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2008లో ప్రకటించారు. దానికి ఖరీదైన సామాను అక్కరలేదు. ఒక బంతి, కొంచెం జాగా, నేర్పే మనిషి ఉంటే చాలు. ఆ నేర్పే మనిషి ఒక ఆపా అయితే, మన అమ్మాయిల్లో ఎంతమంది ఆటలో నిలుస్తారో ఆలోచించండి. "ఆడపిల్లకు ఈ చదువెందుకు?" అనేవారికి మా జవాబు ఒక్కటే – ఆడపిల్లల ఒంటిని ఆడపిల్లే చూడాలని మీరే అంటారు కదా, మరి చూసే ఆడపిల్లను చదివించకుండా ఎలా?

పెద్దలు చాచాలు కొందరు ఇలా అంటారని మాకు తెలుసు – "నిధి ఉన్నదే కొంచెం. ఇంజనీరింగు పిల్లలకే చాలటం లేదు. ఆటల చదువుకు కూడానా?" ఆ మాటలో నిజముంది. డబ్బు కొంచెమే. అయితే పదిమందీ వెళ్లే దారిలో పదకొండోవాణ్ణి పంపడం కంటే, ఎవరూ లేని దారిలో ఒకణ్ణి నిలబెట్టడం సంఘానికి ఎక్కువ లాభం కావచ్చు. మన వీధుల్లో ఇంజనీరింగు పట్టా పెట్టెలో పెట్టుకుని వేరే పని చేసుకుంటున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకే ఎరుక. ఇంజనీరింగు పిల్లల నోటి దగ్గరిది తీయమని మేము అడగటం లేదు. దరఖాస్తు ఫారంలో ఈ చదువుకూ ఒక గడి పెట్టమంటున్నాము.

మా మనవి మూడే మాటలు. ఒకటి, వచ్చే సర్వసభ్య సమావేశంలో విద్యార్థి వేతనాల కమిటీ ఫిజియోథెరపీని, వ్యాయామ విద్యను చదువుల జాబితాలో చేర్చాలి. ఏటా కాకపోయినా, ఇష్టమున్న ఒక అబ్బాయి, ఒక అమ్మాయి దొరికిన యేడు వారి చేయి వదలరాదు. రెండు, సహాయం పొందినవారు చదువయ్యాక రెండేళ్ల పాటు, ఆదివారం పూట మన పిల్లలకు ఊరికే నేర్పాలని మాట తీసుకోవాలి. కులమతాల తేడా లేకుండా మైదానానికి వచ్చే ప్రతి పిల్లవాడికీ నేర్పాలి. బెణికిన కాలు ఎవరిదైనా ఒకే రకంగా నొప్పి పుడుతుంది. మూడు, వాళ్లు చదువుకుని వచ్చేదాకా ఊరుకోకుండా, ఈ సంవత్సరమే ఒక ప్రథమ చికిత్స పెట్టె కొని, నలుగురు కుర్రవాళ్లకు, నలుగురు అమ్మాయిలకు ఛాతీ నొక్కడం, కట్టు కట్టడం నేర్పించాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఒక పూట బిర్యానీ ఖర్చు.

పిల్లలూ, ఇందాకటి నుంచి మీ బహుమతుల టైము మేము తినేశాము. మీకొక మాట చెప్పి ముగిస్తాము. ఈరోజు కప్పు అందుకునేవాళ్లకు ముబారక్. కప్పు రానివాళ్లు బెంగపడకండి. అందరూ మల్లేశ్వరులు, నిఖత్‌లు కాలేరు. కాని వాళ్లను నిలబెట్టిన చేతులు మీవి కావచ్చు. ఆట అంటే ప్రాణం ఉండి, పరుగులో వెనకబడే పిల్లలు మీలో ఎవరైనా ఉంటే, ఇంటికి వెళ్లి అబ్బాకు, అమ్మీకి ఈ చదువు పేరు చెప్పండి. వాళ్లు వినకపోతే సంఘం ఆఫీసుకు రండి, మీతోపాటు మీ ఇంటికి వచ్చి మేము చెబుతాము.